కుళాయి నీళ్ల గట్టిదనం, నాణ్యత: చిన్న నగరంలో ఇంటి నీటిని కొలిచి సరిచేసుకునే పద్ధతి

గీజర్ లోపల తెల్లటి గార, ఎంత రుద్దినా నురగ రాని సబ్బు, కడిగి ఆరబెట్టాక గాజు గ్లాసుల మీద మిగిలే మచ్చలు. ఇవి కనిపించగానే ఇంట్లో వచ్చే మొదటి మాట "ఈ నీళ్లు తాగొచ్చా?" అని. అడగాల్సిన మాటే. కానీ గారకూ ఆ ప్రశ్నకూ ఉన్న సంబంధం చాలా తక్కువ.

నీటి గట్టిదనాన్నే కాఠిన్యత అంటారు. అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్న లెక్క. దాని ప్రభావం ముఖ్యంగా పైపుల మీద, యంత్రాల మీద, సబ్బు ఖర్చు మీద పడుతుంది. తాగడానికి సురక్షితమా కాదా అన్నది మాత్రం సూక్ష్మజీవులు, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సీసం లాంటివాటిని బట్టి తేలుతుంది. గార కట్టే నీళ్లు నిశ్చింతగా తాగదగినవి కావచ్చు. తేటగా ఉండి, సబ్బుకు చక్కగా నురగనిచ్చే నీళ్లలో మురుగు కలిసి ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యతకు ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. ఈ రెండు విషయాలనూ కలిపేయడం వల్లే అక్కర్లేని యంత్రాలు ఇంట్లోకి వస్తున్నాయి, చేయించాల్సిన పరీక్షలు మాత్రం ఆగిపోతున్నాయి. అందుకే ముందు కొలత, తర్వాతే కొనుగోలు. ఆ వరుసలోనే చెబుతాను.

మొదటి మెట్టు: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చిన్న నగరాల్లో నీటి వనరులు సాధారణంగా కొన్నే ఉంటాయి. ఒక జలాశయమో నదో, దానికి తోడు కొన్ని బోర్లు. జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడు బోరు నీళ్లు ఎక్కువ కలుస్తాయి. వాన నీళ్లు నేల మీద ప్రవహించి నదిలో చేరితే వాటిలో ఖనిజాలు తక్కువగా ఉంటాయి. అదే నీరు భూమిలోకి ఇంకి, సున్నపురాయి లాంటి పొరల్లో ఏళ్ల తరబడి నిలిస్తే కాల్షియం, మెగ్నీషియం బాగా కరుగుతాయి. అందుకే ఒకే కుళాయిలో వానాకాలంలో ఒక నీరు, ఎండాకాలంలో ఇంకో నీరు వచ్చినట్టు అనిపిస్తుంది. పక్క వీధికి వేరే ట్యాంకు నుంచి సరఫరా అవుతుంటే వాళ్ల అంకె మీకు పనికిరాదు.

నీటి సరఫరా కార్యాలయంలో ఈ నాలుగు విషయాలు అడగండి: మా వీధికి నీళ్లు ఏ వనరు నుంచి వస్తాయి, ఏ నెలల్లో వనరు మారుతుంది, శుద్ధి ఎలా చేస్తారు, చివరి పరీక్ష ఫలితాలు ఏమిటి. ఫలితాల కాగితం ఇస్తే అందులో నమూనా ఎక్కడ తీశారో చూడండి. శుద్ధి కేంద్రం దగ్గర తీసిన నమూనా మీ ఇంటి కుళాయి గురించి సగమే చెబుతుంది. మధ్యలో పైపులున్నాయి, మీ ఇంటి ట్యాంకు ఉంది.

వనరు మారడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే నగరం ఉంది. అప్పట్లో జనాభా దాదాపు లక్ష. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగరం డెట్రాయిట్ ద్వారా వచ్చే హ్యూరన్ సరస్సు నీటిని ఆపి, ఫ్లింట్ నది నీటికి మారింది. పైపులు తినేయకుండా కలపాల్సిన రసాయనాన్ని కలపలేదు. పాత పైపుల లోపలి రక్షణ పొర పోయి, సీసం నీళ్లలోకి దిగింది. ఇంజిన్ భాగాలు తుప్పు పడుతున్నాయని జనరల్ మోటార్స్ కర్మాగారం ఆ అక్టోబరులోనే ఆ నీటిని వాడటం మానేసింది. ఇళ్లకు మాత్రం 2015 అక్టోబరు దాకా అవే నీళ్లు వచ్చాయి. అక్కడ పిల్లల ఆరోగ్యాన్ని దెబ్బతీసింది కాఠిన్యత కాదు, పైపులను కొరికే నీళ్లు. అందుకే 'గట్టి నీళ్లు చెడ్డవి, మెత్తటి నీళ్లు మంచివి' అన్న లెక్క పనిచేయదు. బాగా మెత్తగా, ఆమ్లగుణంతో ఉన్న నీళ్లు సీసం, రాగి పైపులను కరిగించగలవు. కొంచెం కాఠిన్యత ఉంటే పైపుకే మేలు.

రెండో మెట్టు: కాఠిన్యతను కొలవడం

నమూనాను నేరుగా వీధి సరఫరా వచ్చే కుళాయి నుంచి పట్టుకోండి. మేడ మీద ట్యాంకులో బోరు నీళ్లూ సరఫరా నీళ్లూ కలుస్తుంటే, రెండింటినీ విడివిడిగా కొలవాలి. లేకపోతే వచ్చిన అంకె ఏ నీటిదో తెలియదు.

ఖర్చు లేని పరీక్ష సబ్బుతో చేసేది. మూతలున్న రెండు ఒకేలాంటి పారదర్శక సీసాలు తీసుకుని, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కుళాయి నీళ్లు సమానంగా పోయండి. అసలైన సబ్బును తురిమి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ, ప్రతిసారీ మూత పెట్టి గట్టిగా ఊపండి. నురగ ఒక నిమిషం నిలవడానికి ఏ సీసాకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టండి. కుళాయి నీళ్లకు ఎంత ఎక్కువ సబ్బు పడితే అంత గట్టివి. షాంపూ, డిష్‌వాష్ లిక్విడ్, బాడీ వాష్ ఈ పరీక్షకు పనికిరావు. అవి గట్టి నీళ్లలో కూడా నురగ ఇచ్చేలా తయారైనవి. సబ్బుతో కాఠిన్యత కొలిచే పద్ధతిని స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ 19వ శతాబ్దంలోనే రూపొందించాడు. కాఠిన్యతకు ఒక కొలమానమైన ఇంగ్లిష్ డిగ్రీని ఇప్పటికీ క్లార్క్ డిగ్రీ అనే అంటారు.

సబ్బు పరీక్షతో తేడా తెలుస్తుంది, అంకె రాదు. అంకె కావాలంటే చుక్కల కిట్ మంచిది. రంగు మారే స్ట్రిప్‌లు కూడా దొరుకుతాయి గానీ, వాటితో ఉజ్జాయింపుగా ఏ శ్రేణిలో ఉందో మాత్రమే చెప్పగలం. కిట్‌లో ఉండేది కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయన ద్రావణం, రంగు మారి ఫలితం చూపే ఒక సూచిక. నీళ్లలో సూచిక వేస్తే ఎరుపు రంగు వస్తుంది. ఈడీటీఏని ఒక్కో చుక్కా వేసి కలుపుతూ పోతే, ఒక చుక్క దగ్గర ఎరుపు పూర్తిగా పోయి నీలం వస్తుంది. కొన్ని కిట్లలో ఆకుపచ్చ వస్తుంది. ఊదా రంగు దగ్గర ఆగిపోకండి, ఇంకో చుక్క వేసి చూడండి. తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో చేస్తే పొరపాటు తగ్గుతుంది. రెండుసార్లు చేసి, రెండు లెక్కలూ కలిస్తేనే రాసుకోండి.

ఒక్కో చుక్క ఎంతకు సమానమో కిట్ మీద ఉంటుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే కాఠిన్యతకు కొలమానాలు చాలా ఉన్నాయి. అన్నింటినీ లీటరుకు మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ లెక్కలోకి మార్చుకుంటే గొడవ ఉండదు. ఒక జర్మన్ డిగ్రీ అంటే 17.8, ఫ్రెంచ్ డిగ్రీ అంటే 10, క్లార్క్ డిగ్రీ అంటే 14.3, అమెరికా గ్యాలన్‌కు ఒక గ్రెయిన్ అంటే 17.1 మిల్లీగ్రాములు. ఒక చుక్క ఒక జర్మన్ డిగ్రీ అయిన కిట్‌లో 14 చుక్కలు పడితే, 14ను 17.8తో హెచ్చవేస్తే దాదాపు 250 వస్తుంది. ల్యాబ్ రిపోర్టులో కాల్షియం, మెగ్నీషియం విడిగా మాత్రమే ఇస్తే, కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో హెచ్చవేసి కలపండి. అదే మొత్తం కాఠిన్యత.

అమెరికా భూవిజ్ఞాన సర్వే వాడే వర్గీకరణ ప్రకారం 60 వరకు మెత్తటి నీళ్లు, 61 నుంచి 120 ఓ మాదిరి గట్టివి, 121 నుంచి 180 గట్టివి, 180 దాటితే చాలా గట్టివి.

మూడో మెట్టు: మరిగిస్తే పోయేదా, పోనిదా?

కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల రూపంలో ఉంటే అది తాత్కాలిక కాఠిన్యత. వేడి చేయగానే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, కాల్షియం కార్బొనేట్ గిన్నె అడుగున పేరుకుంటుంది. గీజర్‌లో కట్టే గార ఎక్కువగా ఇదే. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్నది శాశ్వత కాఠిన్యత, మరిగించినా పోదు.

ఏది ఎంత ఉందో ఇంట్లోనే చూడొచ్చు. లీటరు నీళ్లను ఓ పావుగంట మరిగించి, చల్లార్చి, వడకట్టండి. ఆవిరైపోయిన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ లీటరు చేయండి. అప్పుడు కాఠిన్యత కొలిస్తే, తగ్గినంత తాత్కాలికం, మిగిలింది దాదాపుగా శాశ్వతం. ల్యాబ్ రిపోర్టు ఉంటే ఈ శ్రమ కూడా అక్కర్లేదు. అందులోని ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే క్షారగుణం) అంకె మొత్తం కాఠిన్యతకు సమానంగానో ఎక్కువగానో ఉంటే, మీ కాఠిన్యత అంతా తాత్కాలికమే.

ఈ తేడా తెలిస్తే ఒక నిర్ణయం తేలికవుతుంది. ఎక్కువ భాగం తాత్కాలికమైతే ఇబ్బంది వేడి నీళ్ల దగ్గరే ఎక్కువ. గీజర్, కెటిల్, వాషింగ్ మెషిన్ చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

నాలుగో మెట్టు: టీడీఎస్ మీటర్ మాట ఎంతవరకు నమ్మాలి?

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు. పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి, కరిగిన లవణాల అంచనాగా చూపిస్తుంది. అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత అని అది చెప్పలేదు. సోడియం ఎక్కువగా ఉన్న ఉప్పునీళ్లలో టీడీఎస్ భారీగా ఉండి, కాఠిన్యత తక్కువగా ఉండొచ్చు. వాటర్ సాఫ్ట్‌నర్ కాఠిన్యతను తీసేసినా టీడీఎస్ పెద్దగా తగ్గదు. అది చూసి యంత్రం పనిచేయడం లేదని అనుకోకండి.

సూక్ష్మజీవులు ఆ మీటర్‌కు కనిపించవు. ప్రాణానికి ముప్పు తెచ్చే స్థాయిలో ఉన్న ఆర్సెనిక్, సీసం కూడా కనిపించవు, ఎందుకంటే వాటి ప్రమాదకర పరిమాణాలు లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. ఇంటికి వచ్చి మీటర్ ముంచి, అంకె చూపించి, టెన్షన్ పెట్టి యంత్రం అమ్మేవాళ్లకు లొంగకండి. రుచి విషయంలో ఆ అంకె పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచి బాగుంటుంది, 1000 దాటితే తాగబుద్ధి కాదు. ఒకే కుళాయిని వారం వారం కొలుస్తూ ఉంటే, అంకె ఒక్కసారిగా మారినప్పుడు వనరు మారిందని గుర్తుపట్టడానికీ పనికొస్తుంది. అందుకు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చు.

ఐదో మెట్టు: తాగడానికి పనికొస్తాయా?

నా దృష్టిలో అన్ని మెట్లలోకీ ముఖ్యమైనది ఇది. గార వల్ల గీజర్ పాడవుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే మనుషులు పాడవుతారు.

చిన్న నగరాల్లో నీళ్లు చాలాచోట్ల రోజంతా రావు. సరఫరా ఆగినప్పుడు పైపులో పీడనం పడిపోతుంది. పైపుకు ఎక్కడైనా పగులుంటే, చుట్టూ ఉన్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికి మొదట వచ్చే నీళ్లతో ఇంటికి చేరుతుంది. కాబట్టి తొలి కొన్ని నిమిషాల నీళ్లను తాగడానికి పట్టకండి. నేల తుడవడానికో బాత్‌రూమ్ కడగడానికో వాడండి.

తర్వాత క్లోరిన్ చూడండి. డీపీడీ కిట్ వాడితే క్లోరిన్ ఉన్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సున్నా వస్తే రెండు కారణాలు ఉండొచ్చు: వెయ్యలేదు, లేదా దారిలో మురికితో కలిసి ఖర్చయిపోయింది. రెండూ ఫిర్యాదు చేయాల్సినవే. క్లోరిన్ వాసన వస్తోందని నీళ్లను అసహ్యించుకునేవాళ్లకు ఒక మాట: ఆ కొద్దిపాటి వాసన రక్షణకు గుర్తు. మూత తీసి కొంతసేపు ఉంచితే పోతుంది.

సూక్ష్మజీవులకు హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు ఉంటాయి. నీళ్లు నింపి వెచ్చని చోట పెడితే, మల సంబంధమైన కాలుష్యం ఉన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. ఇది హెచ్చరిక మాత్రమే. నిర్ధారణ ల్యాబ్‌లో చేయించాలి. 100 మిల్లీలీటర్ల నమూనాలో, మలం కలిసిందని చూపే ఈ-కొలై బ్యాక్టీరియా అసలు కనపడకూడదు. 'కొంచెమే ఉంది' అన్న మాటకు ఇక్కడ చోటు లేదు.

ల్యాబ్‌కు ఇచ్చే నమూనా విషయంలో శ్రద్ధ అవసరం. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసానే వాడండి. అందులో ఉండే పొడి క్లోరిన్‌ను ఆపడానికి వేసింది, కాబట్టి సీసాను కడగొద్దు. మూత లోపలి భాగాన్ని ముట్టుకోవద్దు. ఐస్ పెట్టిన డబ్బాలో, వీలైతే 6 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు చేర్చండి. రసాయన పరీక్షల సీసాను మాత్రం అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపాలి. సీసం అనుమానం ఉంటే రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి, ఉదయం వచ్చే మొట్టమొదటి నీళ్లనే, ఆ సీసాను ముందు కడగకుండా, పట్టండి. పైపులో నిలిచిన నీళ్లలోనే సీసం ఎక్కువగా ఉంటుంది.

ఏ పరీక్షలు అడగాలి? సూక్ష్మజీవులు, మడ్డితనం, పీహెచ్, మొత్తం కాఠిన్యత, ఆల్కలినిటీ, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము తప్పనిసరి. భూగర్భ జలం కలుస్తుంటే ఆర్సెనిక్, పాత పైపులుంటే సీసం కూడా చేర్చండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువలు ఇవి: లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు, సీసం 10 మైక్రోగ్రాములు. మీ దేశ ప్రమాణం ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. ఇనుము 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకూ సింకులకూ తుప్పు రంగు మరకలు పడతాయి.

ఇక్కడో హెచ్చరిక. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ మాత్రం పోవు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లను మరిగించి పసిపిల్లలకు పట్టడం చాలా ప్రమాదం.

ఆరో మెట్టు: ఏది ఎక్కడ బిగించాలి?

కాఠిన్యత 120 లోపు ఉంటే సాఫ్ట్‌నర్ వద్దు. 120 నుంచి 200 మధ్య ఉంటే చాలా ఇళ్లకు అప్పుడప్పుడు గార తీయడం, గీజర్ ఉష్ణోగ్రత అదుపులో పెట్టడం సరిపోతాయి. 60 డిగ్రీల సెల్సియస్ దాటిన కొద్దీ గార వేగంగా కడుతుంది. అలాగని నీళ్లు నిల్వ ఉండే గీజర్‌ను మరీ తక్కువ వేడిలో ఉంచకండి, గోరువెచ్చటి నీళ్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. నిల్వ గీజర్‌కు 60 దగ్గర పెట్టడం మంచి రాజీ.

అంతకు మించితే సాఫ్ట్‌నర్ గురించి ఆలోచించవచ్చు. దాని లోపలి రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. సైజు లెక్క మీరే వేసుకోండి. కాఠిన్యత 300, రోజు వాడకం 500 లీటర్లు అనుకుంటే, రోజుకు 150 గ్రాముల కాఠిన్యతను తీయాలి. లీటరు రెసిన్ ఒక విడతలో దాదాపు 50 గ్రాములు పట్టుకుంటుంది. 20 లీటర్ల రెసిన్ ఉంటే 1000 గ్రాములు, అంటే ఆరు రోజులకు పైగా వస్తుంది. ఈ లెక్క చెప్పకుండా యంత్రం అంటగట్టే దుకాణంలో కొనకండి.

సాఫ్ట్‌నర్‌ను గీజర్, వాషింగ్ మెషిన్, స్నానాల గదులకు వెళ్లే లైనుకు బిగించి, వంటింటి తాగునీటి కుళాయినీ మొక్కల లైనునూ వదిలేయండి. కాఠిన్యత ప్రతి 100 మిల్లీగ్రాములకు నీళ్లలో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకూ, పసిపిల్లల పాలపొడి కలపడానికీ ఆ నీళ్లు వాడకపోవడం మంచిది. మొక్కలకూ సోడియం పడదు.

పిల్లల ఎగ్జిమా (దురదతో వచ్చే చర్మవ్యాధి) తగ్గుతుందన్న ఆశతో కొనాలనుకుంటే, 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన గురించి తెలుసుకోండి. బ్రిటన్‌లో 336 మంది పిల్లలతో జరిగిన ఆ పరీక్షలో, సాఫ్ట్‌నర్ వల్ల ఎగ్జిమా తీవ్రతలో అదనపు మేలు కనపడలేదు. ఇక పైపుకు అయస్కాంతం బిగిస్తే గార పోతుందనే పరికరాలకు నమ్మదగిన ఆధారాలు లేవు. వాటికి డబ్బు పెట్టకండి.

తాగునీటికి ఐదో మెట్టు ఫలితాలే దారి చూపాలి. సూక్ష్మజీవుల సమస్య ఒక్కటే అయితే మరిగించినా చాలు, యూవీ (అతినీలలోహిత కాంతి) యంత్రం అయినా చాలు. కానీ యూవీ పనిచేయాలంటే నీళ్లు తేటగా ఉండాలి, మడ్డిగా ఉంటే ముందు వడపోత కావాలి. క్లోరిన్ వాసన, రుచి బాగోలేకపోతే కార్బన్ ఫిల్టర్ చాలు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ లాంటివి పరిమితి దాటినప్పుడు, టీడీఎస్ భరించలేనంత ఉన్నప్పుడు ఆర్వో అవసరం. అది చాలా నీళ్లను బయటికి పారబోస్తుంది. సింక్ కింద పెట్టే సాధారణ ఆర్వోలు ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లో అంతకంటే ఎక్కువో వదిలేస్తాయి. ఆ నీళ్లు పట్టి నేల తుడవడానికి వాడండి. రిపోర్టులో అన్నీ పరిమితిలోపే ఉంటే, గార ఒక్కటే చూసి ఆర్వో పెట్టించడం నీటి వృథా.

ఏడో మెట్టు: ఇప్పటికే కట్టిన గార తీయడం

లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాల సిట్రిక్ యాసిడ్ కలపండి. షవర్ హెడ్, కుళాయి జాలీ ఊడదీసి గంటసేపు నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే శుభ్రమవుతాయి. కెటిల్‌లోనూ ఇదే ద్రావణం. మరిగే నీళ్లలో మాత్రం కలపకండి, వేడికి కాల్షియం సిట్రేట్ అనే ఇంకో తెల్లటి పొర కడుతుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది, వాసన భరించాలి. ఏ ఆమ్లాన్నైనా బ్లీచింగ్‌తో కలపొద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. పాలరాతి మీద పడనివ్వొద్దు, రాయిని తినేస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్ స్టీల్ కుళాయిలను పాడుచేస్తుంది.

నిల్వ గీజర్ లోపలి గారను తెలిసిన మెకానిక్‌తో తీయించండి. అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ కడ్డీ తాను కరిగిపోతూ కాపాడుతుంది. అది అయిపోతే ట్యాంకు వంతు వస్తుంది.

ఎనిమిదో మెట్టు: ట్యాంకు, నోటు పుస్తకం, ఫిర్యాదు

సరఫరా నీళ్లు బాగానే వచ్చినా మేడ మీద ట్యాంకులో పాడవడం మామూలే. మూత బిగుతుగా ఉండాలి, వెలుతురు పడకూడదు. అడుగున మడ్డి తీసి, గోడలు రుద్ది కడిగాక నీళ్లు నింపి, 1000 లీటర్లకు లీటరు చొప్పున 5 శాతం క్లోరిన్ ఉన్న, సువాసనలు కలపని బ్లీచ్ ద్రావణం పోయండి. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ఆ నీళ్లు ఇంట్లో ఎవరూ వాడకుండా అందరికీ చెప్పి, రాత్రంతా ఉంచి, మొత్తం పారబోసి, కొత్త నీళ్లతో నింపండి. ఘాటు వాసన పోయేదాకా కుళాయిలన్నీ వదలండి.

ఒక నోటు పుస్తకంలో తేదీ, కుళాయి, కాఠిన్యత, టీడీఎస్, క్లోరిన్, రంగు, వాసన రాస్తూ ఉండండి. వానలు మొదలైనప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి కాఠిన్యత కొలిస్తే మీ నీటి స్వభావం తెలిసిపోతుంది. సూక్ష్మజీవుల పరీక్ష ఏడాదికోసారి చేయించండి. వరద వచ్చినా, వీధిలో పైపు తవ్వినా, వాసన మారినా, ఇంట్లో ఒకరికి మించి విరేచనాలు పట్టుకున్నా ఆగకుండా వెంటనే చేయించండి. ఫలితం వచ్చేదాకా మరిగించి తాగండి.

ఫిర్యాదు చేసేటప్పుడు 'నీళ్లు బాగోలేదు' అని రాస్తే ఏ అధికారికీ ఎక్కడ వెతకాలో తెలియదు. ఏ తేదీన, ఏ గంటకు, ఏ కుళాయిలో, క్లోరిన్ ఎంత, సీసా నల్లబడిందా, పక్కింటివాళ్లకూ అలాగే ఉందా అని రాసి, రిపోర్టు నకలు జతచేసి, రసీదు తీసుకోండి. వీధిలో నలుగురైదుగురు ఒకే రోజు నమూనాలు పట్టి ఇస్తే, ఎక్కడి దాకా నీళ్లు బాగున్నాయో, ఎక్కడి నుంచి పాడయ్యాయో తెలుస్తుంది. పగిలిన పైపు ఆ రెండు ఇళ్ల మధ్యే ఉండే అవకాశం ఎక్కువ.